అంతులేని పట్టీ: నాణెం ఆటల యంత్రాల్లో బెల్టు కథ



ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు కోరారు. రాజుల చరిత్రా, ఉద్యమాల చరిత్రా రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసంతా కోల్ ప్లాంటు బెల్టుల పక్కన గడిపినవాణ్ణి కనుక నాకు తెలిసిన బెల్టు గురించే రాస్తున్నాను. బొగ్గు మోసే బెల్టు సంగతి మనలో చాలామందికి కొత్త కాదు. అదే బెల్టు పిల్లలూ పెద్దలూ నాణెం వేసి ఆడే ఆట యంత్రాల్లోకి ఎలా చేరింది, అక్కడ దానిని ఎలా సర్దుబాటు చేసేవారు, చివరకు దాని స్థానం ఎవరికి పోయింది అన్నది అంతగా తెలియని కథ. మనవలు టీవీ ముందు కూర్చుని ఆడే కార్ల పందెం ఆటకు తాతగారి వరస యంత్రం ఒకటుందని చెప్పడానికైనా ఇది పనికొస్తుంది.

రాట్నం నుంచి రైసుమిల్లు దాకా

మొదలూ చివరా లేకుండా రెండు చక్రాల చుట్టూ తిరిగే పట్టీ మనకు కొత్తది కాదు. రాట్నానికి పెద్ద చక్రం మీంచి కదురు దాకా వెళ్లి వచ్చే దారం అంతులేని పట్టీయే. వానాకాలంలో అది సాగి జారిపోతే బిగించుకోవడం మన అమ్మమ్మలకు చేతనైన పని. ఆ తరువాత ఊరి రైసుమిల్లు వచ్చింది. ఆయిల్ ఇంజను చక్రం మీంచి గోడ పక్కనున్న షాఫ్టుకు చప్పుడు చేస్తూ తిరిగే వెడల్పాటి బెల్టును గుమ్మంలో నిలబడి చూడని పల్లెటూరి పిల్లవాడు ఆ రోజుల్లో లేడు. బెల్టు జారుతుంటే మిల్లు డ్రైవరు గుగ్గిలం పొడి చల్లేవాడు.

ఇవన్నీ బలాన్ని ఒక చోటినుంచి మరో చోటికి అందించే పట్టీలు. సరుకును మోసే పట్టీకి ఇప్పటి రూపం ఇచ్చినవారిలో థామస్ రాబిన్స్ ముఖ్యుడు. 1892 ప్రాంతంలో అమెరికాలో థామస్ ఎడిసన్ గారి ఇనుప ఖనిజం కర్మాగారానికి ఆయన బెల్టులు తయారుచేశాడు. ఖనిజం రాపిడికి నూలు పట్టీలు త్వరగా అరిగిపోతుంటే, పైన రబ్బరు పొర వేసి మన్నిక తెచ్చాడు. 1905లో రిచర్డ్ సట్‌క్లిఫ్ బొగ్గు గనుల కోసం భూగర్భంలో నడిచే కన్వేయరును తయారుచేశాడు. 1913లో హెన్రీ ఫోర్డు హైలాండ్ పార్కు కర్మాగారంలో కారు చట్రాన్ని కదిలే వరసలో బిగించడం మొదలుపెట్టాడు. పన్నెండు గంటలు దాటి పట్టే ఆ పని మరుసటి ఏటికి గంటన్నరకు వచ్చింది. ఆ వేగం పనివాడిని ఎంత నలిపిందో చార్లీ చాప్లిన్ 1936లో 'మోడరన్ టైమ్స్' చిత్రంలో బెల్టు ముందు నిలబడి చూపించాడు. నవ్వించిన ఆ దృశ్యం షిఫ్టు డ్యూటీలు చేసిన మనకు కొంచెం ఎక్కువగానే అర్థమవుతుంది.

వినోదానికి వచ్చిన బెల్టు

కర్మాగారంలో మనిషిని నలిపిందన్న పేరు పడకముందే బెల్టు మనిషిని వినోదపరిచింది. జెస్సీ రెనో అనే అమెరికన్ ఇంజనీరుకు 1892లో కదిలే పట్టీ మీద మనుషులను పైకి చేర్చే యంత్రానికి పేటెంటు లభించింది. 1896లో దానిని న్యూయార్కు దగ్గర కోనీ ఐలాండు సముద్రతీరంలోని పాత ఇనుప వంతెన దగ్గర పెట్టారు. అది ఎక్కించిన ఎత్తు సుమారు ఏడు అడుగులే. అయినా రెండు వారాల్లో దాదాపు 75,000 మంది ఎక్కారని చెబుతారు. మెట్లెక్కకుండా పైకి చేరడం ఆ రోజుల్లో తిరునాళ్ల వింత. ఈనాడు రైల్వే స్టేషన్లలో మోకాళ్ల నొప్పులున్న మనందరికీ ఆసరాగా ఉన్న ఎస్కలేటరు వంశవృక్షంలో ఈ ఆట వస్తువు కూడా ఉంది.

అదే తీరాల్లో తుపాకీ గురి ఆటలు వెలిశాయి. మన నాంపల్లి ఎగ్జిబిషన్‌లో బెలూన్లను పేల్చే దుకాణం వంటివే అవి. కాకపోతే అక్కడ రేకు బాతులు ఒక గొలుసుకు తగిలించి ఉండి, ఒక పక్కనుంచి వచ్చి ఇంకో పక్కకు పోతూ, కింది నుంచి మళ్లీ చుట్టూ తిరిగి వచ్చేవి. కదిలే గురిని కొట్టడంలోనే మజా. 1936లో సీబర్గ్ కంపెనీ 'రే-ఓ-లైట్' అనే యంత్రంలో గుండుకు బదులు వెలుగు కిరణం వాడింది. తుపాకీ నుంచి వచ్చిన వెలుగు బాతులోని ఫోటోసెల్ మీద పడితే బాతు కొట్టినట్టు లెక్క.

డ్రమ్ము మీద రోడ్డు

ఇక మన అసలు విషయానికి వద్దాం. 1941లో ఇంటర్నేషనల్ మ్యూటోస్కోప్ అనే అమెరికన్ కంపెనీ 'డ్రైవ్ మొబైల్' అనే యంత్రం తెచ్చింది. నిలువుగా బీరువాలా ఉండే పెట్టె, ముందు స్టీరింగు, లోపల ఒక లోహపు డ్రమ్ము. ఆ డ్రమ్ము మీద వంకరటింకరగా రోడ్డు బొమ్మ వేసి ఉంటుంది. డ్రమ్ము తిరుగుతుంటే రోడ్డు కుడికీ ఎడమకీ మళ్లుతుంది. ఆటగాడు స్టీరింగు తిప్పి బొమ్మ కారును రోడ్డు మధ్యలో నిలపాలి. కారు అక్కడే ఉంటుంది, రోడ్డే దాని కిందినుంచి పరుగెడుతుంది. బ్రిటన్‌లో 1930లలోనే ఈ మాదిరి ఆటలు ఉండేవి.

డ్రమ్ముకు ఒక ఇబ్బంది ఉంది. అడుగు వ్యాసం ఉన్న డ్రమ్ము మీద రోడ్డు పొడవు మూడడుగుల చిల్లరే. నాలుగు చుట్లు తిరిగేసరికి ఏ మలుపు ఎక్కడుందో ఆటగాడికి కంఠతా వచ్చేస్తుంది. అదే, నాలుగంగుళాల రోలర్లు రెండింటిని నాలుగడుగుల దూరంలో పెట్టి వాటి మీద బెల్టు వేస్తే సుమారు తొమ్మిదడుగుల రోడ్డు వస్తుంది. యంత్రం ఎత్తు కూడా తగ్గుతుంది. రోడ్డుకు బెల్టు పనికొచ్చిన కారణం ఇదే.

జపానులో ఈ రకం ఆటకు 1958లో 'మినీ డ్రైవ్' పేరుతో శ్రీకారం చుట్టింది కాస్కో అనే కంపెనీ. పెట్టెను పెద్దది చేసి రోడ్డును పొడిగించడం వారు చేసిన మార్పు. ఆ సంవత్సరమే ఒసాకా ప్రాంతంలో యోషియాకి షిరాయిషి అనే హోటలు యజమాని, బీరు కర్మాగారంలో సీసాలు బెల్టు మీద సాగిపోవడం చూసి, తన హోటల్లో తినుబండారాల పళ్లాలను కూడా అలాగే గిరాకీల ముందు తిప్పడం మొదలుపెట్టాడు. ఆ దశాబ్దంలో జపానుకు బెల్టు ఎంత మోజో ఈ రెండు సంగతులే చెబుతాయి. అటు తరువాత 1960లలో మన విశాఖ రేవులో బెల్టుల మీదుగా ఓడల్లోకి చేరిన ఇనుప ఖనిజం వెళ్లింది కూడా ఆ దేశానికే.

1955లో మసాయా నకమూరా అనే ఆయన యోకొహామాలో ఒక పెద్ద దుకాణం డాబా మీద పిల్లలు ఎక్కే రెండు పాత మర గుర్రాలతో వ్యాపారం ప్రారంభించాడు. వాటిని తుడవడం, బాగుచేయడం, నడపడం అంతా తనే. ఆ దుకాణమే తరువాత నామ్‌కో అనే పెద్ద కంపెనీ అయింది. 1965-66 ప్రాంతంలో ఆ కంపెనీ, ఆ వెంటనే సెగా కంపెనీ 'పెరిస్కోప్' అనే ఆట తెచ్చాయి. ప్లాస్టిక్ అలల వెనుక అట్ట ఓడలు గొలుసు మీద సాగిపోతుంటే, జలాంతర్గామి గొట్టంలోంచి చూసి రంగు దీపాల టార్పెడోలు వదలాలి. అమెరికాలో ఒక ఆటకు పావు డాలరు వసూలుచేసిన మొదటి యంత్రంగా దానికి పేరు.

బెల్టు పక్కకు పోతే

ఇక మరమ్మతు సంగతి. ఇక్కడ కోల్ ప్లాంటుకూ ఆట యంత్రానికీ తేడా కొలతల్లోనే తప్ప సూత్రంలో లేదు. మన బెల్టు మీటరు వెడల్పు, దాని బెల్టు జానెడు. మనది పక్కకు పోతే బొగ్గు ఒలికిపోతుంది, అంచు తెగుతుంది. దానిది పక్కకు పోతే రోడ్డే పక్కకు జరుగుతుంది.

మొదటి పని కరెంటు తీసేయడం. యంత్రం చిన్నదని ప్లగ్గు పీకకుండా చేయి పెట్టకూడదు. బెల్టూ రోలరూ కలిసే చోటు ఎంత చిన్నదైనా వేలిని లాక్కోగలదు. మన దగ్గర పర్మిట్ లేకుండా బెల్టు ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ నియమం వెనుక ఎవరో ఒకరి చేయి ఉండేదని పాతవారికి తెలుసు.

రెండోది శుభ్రం చేయడం. ఆట యంత్రంలో బొగ్గు ఉండదు గాని దుమ్ము ఉంటుంది, బెల్టు అరిగిన పొడి ఉంటుంది, బేరింగుల్లోంచి కారిన నూనె ఉంటుంది. రోలరు ఒక చివర మట్టి పేరుకుంటే అక్కడ దాని వ్యాసం పెరిగినట్టే. బెల్టు దారి తప్పడానికి అంత చాలు. నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సగం ఫిర్యాదులు గుడ్డ పెట్టి తుడవడంతోనే తీరిపోతాయి.

మూడోది లోపం ఎక్కడుందో తేల్చుకోవడం. దీనికి పాత మేస్త్రీలు చెప్పే సులువు ఒకటుంది. బెల్టు అంచు మీద ఒకచోట సుద్దముక్కతో గీత గీసి చేతితో నిదానంగా తిప్పాలి. బెల్టులోని ఒకే భాగం ఎక్కడికి వెళ్లినా పక్కకు తొంగిచూస్తుంటే దోషం బెల్టుదే. చాలాసార్లు జాయింటు వంకరగా కోసి అతికించినదై ఉంటుంది. దానిని విప్పి, మట్టం పెట్టి సూటిగా కోసి, మళ్లీ అతకాలి. ఎన్ని స్క్రూలు తిప్పినా లాభం లేదు. అలా కాక, యంత్రంలో ఒకే చోటికి వచ్చినప్పుడు బెల్టంతా పక్కకు పోతుంటే దోషం ఆ చోటనున్న రోలరుది.

నాలుగోది రోలరును సరిచేయడం. ఇక్కడ గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటే: బెల్టు రోలరు ఏ చివరను ముందుగా తాకుతుందో ఆ చివర వైపుకే జరుగుతుంది. కాబట్టి బెల్టు ఎడమకు పోతుంటే, ఆ రోలరు ఎడమ చివరను బెల్టు పోయే దిశలో కొంచెం ముందుకు జరపాలి. చివరి రోలరుకు బిగింపు స్క్రూలు ఉంటే, బెల్టు ఎటు పోతోందో అటు స్క్రూను బిగించాలి. పావు చుట్టు తిప్పి ఆగాలి. బెల్టు చాలా చుట్లు తిరిగాక గాని ఫలితం పూర్తిగా కనబడదు. తొందరపడి మరో పావు, ఇంకో పావు తిప్పితే బెల్టు రెండో పక్కకు పోతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. కొత్తగా చేరిన కుర్రవాళ్లకు మన దగ్గర నేర్పే మొదటి పాఠం స్పానరు కింద పెట్టి చూస్తూ నిలబడడమే.

ఐదోది బిగువు. వదులైతే రోలరు తిరుగుతుంది, బెల్టు తిరగదు. మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి, షాఫ్టు వంగుతుంది, బెల్టు సాగుతుంది, మోటారు వేడెక్కుతుంది. జారకుండా తిరగడానికి ఎంత కావాలో అంతే బిగువు ఉంచాలి. స్క్రూలు రెండూ సమంగా తిప్పాలి.

ఇంకొక చిత్రమైన సంగతి. రోలరు నడుమ కాస్త లావుగా, చివరలు సన్నగా ఉంటే బెల్టు దానంతట అదే మధ్యలో నిలుస్తుంది. లావు చోటినుంచి జారిపోవాలి గదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కాని బెల్టు లావు వైపుకే ఎక్కుతుంది. లావు వైపున్న అంచు ఎక్కువ లాగబడి బెల్టు కొద్దిగా ఆ వైపుకు వంగుతుంది, అందువల్ల తరువాత వచ్చే భాగం ఇంకాస్త లావు చోట పడుతుంది. పాత పుస్తకాల లెక్క ప్రకారం అడుగు వెడల్పుకు అంగుళంలో ఎనిమిదో వంతు ఉబ్బు చాలు. చిన్న యంత్రాల్లో అరిగిపోయిన రోలరు మధ్యన రెండు మూడు చుట్లు టేపు చుట్టి ఈ ఉబ్బు తెప్పించడం మెకానిక్కుల చిట్కా.

ఈ విద్య ఇప్పుడు మన ఇళ్లలోనే పనికొస్తోంది. డాక్టరు నడవమన్నాడని పిల్లలు కొనిపెట్టిన ట్రెడ్‌మిల్లు వెనుక కూడా ఇవే రెండు స్క్రూలు ఉంటాయి. బెల్టు ఎడమకు పోతే ఎడమ స్క్రూ పావు చుట్టు బిగించి, నిదానంగా నడిపి చూడాలి. యంత్రంతో ఇచ్చిన పుస్తకంలోనూ ఇంచుమించు ఇదే ఉంటుంది.

నాణేనికి న్యాయం

ఆట యంత్రంలో ఈ సర్దుబాటుకు మనకు లేని ఒక బరువు ఉంది. ఈ యంత్రాల్లో ఆటగాడు గెలిచాడా ఓడాడా అని చెప్పేది విద్యుత్ కాంటాక్టులు, రిలేలు. అవి స్థిరంగా బిగించి ఉంటాయి. రోడ్డు బొమ్మ మాత్రం బెల్టు మీద ఉంటుంది. బెల్టు అరంగుళం పక్కకు జరిగితే కంటికి కనిపించే రోడ్డు ఒకటి, యంత్రం లెక్కించే రోడ్డు మరొకటి అవుతుంది. ఆటగాడు కారును సరిగ్గా రోడ్డు మధ్యన ఉంచినా యంత్రం తప్పు లెక్క వేస్తుంది. తన చేతివాటం బాగాలేదనుకుని ఆ పిల్లవాడు ఇంకో నాణెం వేస్తాడు. దుకాణం యజమానికి అందులో నష్టం లేదు. ఫిర్యాదు చేయడానికి ఆధారం కూడా ఉండదు.

అందుచేత ఆ యంత్రం నిజాయితీ అంతా రాత్రి దుకాణం మూశాక వెనుక తలుపు తీసి పావు చుట్టు స్క్రూ తిప్పే మెకానిక్కు మీద ఆధారపడి ఉండేది. బెల్టు బాగా నడుస్తున్నంతకాలం అతను ఉన్నాడనే ఎవరికీ తెలియదు. మన ఉద్యోగాలు కూడా అటువంటివే గదా. దీపం వెలుగుతున్నంతసేపు కోల్ ప్లాంటు షిఫ్టువాణ్ణి తలచుకున్నవారెవరు?

తెర మీదికి ఎక్కిన రోడ్డు

1968లో కాస్కో వారే 'ఇండీ 500' అనే ఆటలో బెల్టును వదిలి, తిరిగే పళ్లేల మీద బొమ్మలు గీసి, దీపం వెలుగుతో అద్దాల ద్వారా తెర మీద చూపారు. దాని ఒరవడిలో 1969లో షికాగో కాయిన్ కంపెనీ తెచ్చిన 'స్పీడ్‌వే' అమెరికాలో 10,000కు పైగా అమ్ముడైందని లెక్క. 1972లో అటారీ కంపెనీ 'పాంగ్' వచ్చింది. అందులో స్టీరింగు లేదు, బెల్టు లేదు, టీవీ తెర మీద ఒక చుక్కా రెండు గీతలూ.

1974లో జపాను టైటో కంపెనీలో టొమొహిరో నిషికాడో అనే ఇంజనీరు 'స్పీడ్ రేస్' తయారుచేశాడు. ఆయన అంతకు ముందు అద్దాలూ మోటార్లూ ఉన్న ఆట యంత్రాల మీద పనిచేసినవాడు. ఆ కంపెనీకే 'సూపర్ రోడ్ 7' అనే మర ఆట ఒకటుండేది. అంతులేని రోడ్డు మీద కారు నడుపుతూ ఎదురయ్యే కార్లను తప్పించుకోవడం అందులోని ఆట. ఆ ఆటనే ఆయన తెర మీదికి ఎక్కించాడు. కారు తెర కింది భాగంలో ఉంటుంది, రోడ్డు పైనుంచి కిందికి జారుతూ ఉంటుంది. ఒక చివర కనుమరుగై ఇంకో చివరనుంచి మళ్లీ వచ్చే ఆ రోడ్డులో రోలర్లు లేని బెల్టును గుర్తుపట్టడం మనకు కష్టం కాదు. 1978లో ప్రపంచాన్ని ఊపేసిన 'స్పేస్ ఇన్వేడర్స్' కూడా ఆయన చేతి పనే.

మర యంత్రాలు ఎందుకు ఓడిపోయాయో మెకానిక్కులకు బాగా తెలుసు. కదిలే భాగం ప్రతిదీ ఏదో ఒకనాడు అరుగుతుంది. బెల్టు సాగుతుంది, కాంటాక్టు మాడుతుంది, గేరు పన్ను విరుగుతుంది. తెర మీది రోడ్డు పక్కకు పోదు. మెకానిక్కు రాక కోసం యంత్రం మూలన పడి ఉండనక్కరలేదు. 1970ల చివరికి దుకాణాల్లో వాటి స్థానాన్ని వీడియో ఆటలు ఆక్రమించాయి. బయటికి తీసిన పాత పెట్టెలు చాలావరకు తుక్కు కిందికి పోయాయి.

కొన్ని మిగిలాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో మత్స్యకారుల రేవు దగ్గర మ్యూజీ మెకానిక్ అనే ప్రదర్శనశాలలో పాత నాణెం యంత్రాలు వందల సంఖ్యలో ఉన్నాయి. వాటిని అద్దాల వెనుక పెట్టలేదు, నాణెం వేసి ఆడవచ్చు. కాలిఫోర్నియాలో పిల్లల దగ్గరకు వెళ్లే మన సభ్యులు వీలుంటే ఒక మధ్యాహ్నం అక్కడ గడపవచ్చు. చేతిలో మనవడిని పెట్టుకుని వెళితే మరీ మంచిది. యంత్రం ఆడుతోందంటే దాని వెనుక ఇవాళ కూడా ఒకరు స్పానరు పట్టుకుని ఉన్నారని అర్థం.

ఒక మనవి

ఈ చరిత్రలో కనిపెట్టినవారి పేర్లు, కంపెనీల పేర్లు, సంవత్సరాలు దొరుకుతాయి. బెల్టు సర్దినవారి పేర్లు దొరకవు. వారికి తెలిసిన చిట్కాలు చాలావరకు వారితోనే పోయాయి. ఇప్పుడు పాత యంత్రాలను బాగుచేయాలని ముచ్చటపడే కుర్రవాళ్లు, విడిభాగాలు చేయించుకోగలిగినా, ఎంత బిగించాలో చెప్పేవాడు లేక ఇబ్బంది పడతారు. డ్రాయింగులో కొలత ఉంటుంది గాని చేతివాటం ఉండదు.

మనం పనిచేసిన యంత్రాలు కూడా ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. మనలో ఒక్కొక్కరూ సెలవు తీసుకుంటున్నారు. ఏ బేరింగు ఏ చప్పుడు చేస్తే ఎన్ని రోజుల్లో పోతుందో, ఏ బెల్టు వానాకాలంలో ఎటు జరిగేదో మన తలల్లో ఉన్నది ఏ రిజిస్టరులోనూ లేదు. కాబట్టి సభ్యులందరికీ నాదొక విన్నపం. ఎవరి సెక్షను పని వారు, ఒక్క పేజీ అయినా సరే, సొంత దస్తూరీతో రాసి సంఘం కార్యాలయానికి పంపండి. భాష బాగుండాలని లేదు. పావు చుట్టా, అరచుట్టా అన్నది స్పష్టంగా ఉంటే చాలు. కళ్లు కనబడనివారు చెబితే మనవరాలు రాసిపెడుతుంది. ఆ పిల్లకూ తాతగారు ఏం ఉద్యోగం చేశారో అప్పుడు తెలుస్తుంది.

సెలవు.

ఒక విశ్రాంత మెకానికల్ ఉద్యోగి